వాగ్దాన చీటీ తీసిన జెకర్యా

జెకర్యాకి చదువు రాదు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా, తర్వాత చెప్తే ముందే చెప్పొచ్చుగా అని నన్ను తిడతారు. చదువు రాదంటే ఏదో కూడబలుక్కుని చదువుతాడని కాదు. 'అ' అంటే ఆవా ఆబోతా అని అడిగే బాపతు. సంతకం మాత్రం వచ్చు. అదీ ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడంట, ఇక్కడ మొదలెట్టి అక్కడ తిప్పి ఇదిగో ఇక్కడ ఆపాలి అని. ఆ సంతకంతోనే రైల్వేలో గ్యాంగుమేనుగా చేరాడు, పట్టాలెత్తాడు, రిటైరయ్యాడు, పింఛను తీసుకుంటా కూర్చున్నాడు. అయితే ఏమైందంటే, ఇదే జెకర్యా మా పాలెం చర్చిలో సంఘపెద్ద. ప్రతి ఆదివారం ఆరాధనలో బైబిలు పుస్తకం తెరిచి పాఠం చదివేది ఆయనే. ఎట్టా చదివేవాడనుకున్నారు! కంచు మోగినట్టు చదివేవాడు. ఆపే చోట ఆపి, ఒత్తే చోట ఒత్తి. ముసలోళ్ళు కళ్ళు మూసుకుని వినేవాళ్ళు, చంటిబిడ్డలు ఏడుపు మానేవాళ్ళు. చదివితే జెకర్యానే చదవాలి అని పక్క పాలెపోళ్ళు కూడా అనేవాళ్ళంట.

చదువు రానోడు ఎట్టా చదివాడు అంటారా? ఆగండి, చెప్తున్నాగా. ఆయనకి భార్య ఉంది, కెజియమ్మ. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. చిన్నప్పుడు బోర్డింగు బళ్ళో ఉండి చదువుకున్న మనిషి. పెళ్ళి కుదిర్చేటప్పుడు మధ్యవర్తి, 'అబ్బాయి గడగడా చదువుతాడమ్మా' అన్నాడంట. ప్రధానం రోజున పెద్దలు పుస్తకం చేతికిస్తే నిజంగానే గడగడా ఒక కీర్తన చదివేశాడు. పాలెంలో పాలు తాగే పిల్లలకి కూడా ఆ కీర్తన నోటికొచ్చని ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళైన మర్నాడు పొద్దున్నే ఇంట్లో ప్రార్థన. ఈయన పుస్తకం తెరిచి మళ్ళా అదే కీర్తన మొదలెట్టాడు. కెజియమ్మ చూసింది. పుస్తకం తలకిందులుగా ఉంది! ఇంకొకతైతే ఏం చేసేది? పుట్టింటికి పోయి మధ్యవర్తి జుట్టు పట్టుకునేది. ఈమె ఏం చేసిందంటే, చెయ్యి చాపి, పుస్తకాన్ని తిన్నగా తిప్పి, మళ్ళా ఆయన చేతిలో పెట్టి, "ఊఁ, కానీయ్" అన్నదంట. అంతే. ఆ సంగతి మీద వాళ్ళిద్దరూ అనుకున్న మాట అదొక్కటే అనుకోండి.

పలక కొనకపోలేదు, దిద్దించకపోలేదు. అక్షరం ముందు కూర్చుంటే ఆయనకి చెమటలు. ఒంటి చేత్తో ఇనప గడ్డపార తిప్పినోడికి బలపం పట్టుకుంటే చెయ్యి వణికేదంట. పోన్లే అని ఆమె పలక తీసి అటకెక్కించింది. కానీ ఆయన చెవి ఉంది చూశారూ, అది చెవి కాదు, బంక. ఒక్కసారి విన్నాడంటే అంటుకుపోయేది. దాంతో వాళ్ళ వారం ఎట్టా నడిచేదంటే, ఆదివారం పాస్టరు అయ్యగారు వచ్చే వారం పాఠం ఏదో చెప్పేవాడు. సోమవారం బట్టలుతుకుతా ఆమె చదివేది, ఆయన బట్టలు పిండుతా వినేవాడు. మంగళవారం సంతకి పోతా వల్లె వేయించేది. బుధవారం ఆమెకి స్త్రీల కూటం, ఆయన ఇంటి దగ్గర మేకకి చెప్పుకునేవాడు. గురువారం స్నేహితులతో బస్సెక్కి టౌనుకి పోయి, బస్టాండు దగ్గర బజ్జీలు తిని, సముద్రం దాకా నడిచి వచ్చేవాళ్ళు, దోవలో పెదాలు కదుపుతానే ఉండేవాడు. శుక్రవారం ఉపవాస కూటం. శనివారం చర్చి ఊడ్చేటప్పుడు ఆమె చీపురు పట్టుకుంటే ఈయన ఖాళీ బెంచీలకి పాఠమంతా అప్పజెప్పేవాడు. ఒకసారేమైందంటే, ఆమె చదువుతా చదువుతా మధ్యలో కోడి బియ్యం చాటలోకొస్తే 'హుష్!' అన్నది. ఆదివారం ఆయన నిండు సంఘం ముందు పాఠం మధ్యలో 'హుష్!' అన్నాడు. జనమంతా బిగుసుకుపోయి, పెద్దాయన ఎంత భావంతో చదివాడమ్మా అని చెప్పుకున్నారంట. నవ్వకండి, నవ్వే కథ కాదిది.

ఒక్కడు మాత్రం నమ్మకంగా వినేవాడు కాదు. ఓబద్యా. సంఘంలో రెండో పెద్ద. జెకర్యా దిగితే తను ఎక్కాలని కాచుక్కూర్చున్న మనిషి. ఆయన చదువుతా ఉంటే ఈయన తన పుస్తకం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం వెంట పోయేవాడు, యాడన్నా తప్పు దొరక్కపోతుందా అని. ఎన్నేళ్ళు వెంటబడినా దొరకలేదు. అది ఆయన కడుపులో పుండు.

ఇట్టా ఉండగా పాత అయ్యగారికి బదిలీ అయింది, కొత్త అయ్యగారు వచ్చాడు. కుర్రాడు. చదువుకుని అప్పుడే వచ్చాడు, ఒంట్లో ఉత్సాహం ఎక్కువ. కొత్త సంవత్సరానికి మా చర్చిలో వాగ్దాన చీటీలు తీస్తారు. తెలియనోళ్ళకి చెప్తున్నా, ఒక పెట్టెలో చీటీలు వేస్తారు, ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం. ఇంటికొకరు తీసుకుంటారు. ఆ ఇంటికి ఆ యేడంతా దేవుడిచ్చిన మాట అదేనని గోడకి అంటించుకుంటారు. ఎవరి చీటీ వాళ్ళు ఇంటికి తీసుకుపోయి చదువుకునేవాళ్ళు, జెకర్యాకేం ఇబ్బంది లేదు, ఇంట్లో కెజియమ్మ ఉందిగా. ఈ కుర్ర అయ్యగారేం చేశాడంటే, సంవత్సరాఖరి ఆదివారం నిలబడి, ఈసారి కొత్తగా చేద్దాం అన్నాడు. వచ్చే ఆదివారం పాఠమే ఉండదంట. సంఘం మొత్తానికి ఒక చీటీ తియ్యాలంట. పెద్దాయన జెకర్యా గారు అందరి ముందూ పెట్టెలో చెయ్యి పెట్టి తీసి, అక్కడికక్కడే బిగ్గరగా చదవాలంట. "ఏది వస్తదో నాకూ తెలీదు, మీకూ తెలీదు, ఆయనకీ తెలీదు. దేవుడికే తెలుసు!" అని చేతులెత్తాడు. జనం ఆమేన్ అన్నారు. జెకర్యా కూడా అన్నాడు, అలవాటున. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న కెజియమ్మకి మాత్రం నోరు పెగల్లేదు. 

సోమవారం బట్టలుతికే రోజు. ఆమె ఉతుకుతా ఉంది, ఆయన పిండుతా ఉన్నాడు. వినటానికి పాఠం లేదు. పెళ్ళైనప్పటి నుంచీ అట్టా మాటామంతీ లేకుండా బట్టలుతికింది ఆ రోజేనంట. చివరికి ఆమే కదిపింది. పోనీ అయ్యగారికి చెప్పేద్దామా, మంచివాడిలానే ఉన్నాడు అంది. ఆయన దుప్పటి మెలి తిప్పుతా, "చెప్పు. చెప్పి వచ్చేటప్పుడు వడ్రంగి దగ్గర ఆగి నన్ను పూడ్చే పెట్టెకి కొలతలు కూడా ఇచ్చిరా" అన్నాడు. "ఏం మాటలయ్యా అవి, పోనీ ఆదివారం జ్వరమని పడుకో" అంటే, "జ్వరం లేకుండా జ్వరమని దేవుడి రోజున అబద్ధమాడమంటావా?" అన్నాడు. కెజియమ్మకి ఒళ్ళు మండింది. "మరి ఇన్నేళ్ళూ ఆడింది ఏందయ్యా?" అనేసింది. అనకూడని మాట. నోరు దాటింది. ఆయన దుప్పటి వదిలేశాడు, అది బురదలో పడింది. "నేను చదువుతున్నానని ఏనాడన్నా అన్నానా? నిలబడి వాక్యం చెప్పా. ఒక్క మాట తప్పు చెప్పానా? ఓబద్యాని అడుగు!" అన్నాడు. అని లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాన్నం అన్నం కూడా తినలేదు.

కెజియమ్మ ఆ దుప్పటి మళ్ళా ఉతికింది. ఉతుకుతా ఆలోచించింది. ఇప్పుడు గనక ఇది బయటపడితే ఏమైద్ది? ఆయన పెద్దరికం పోద్ది, అది పోతే పోనీ. దేవుడి బల్ల ముందు నిలబడి ఇన్నేళ్ళూ సంఘాన్ని మోసం చేశాడంటారు. ఆ మాట పడ్డాక ఈ మనిషి బతకడు. పట్టాల మీద రైలొచ్చినా బెదరనోడు, నలుగురు నవ్వితే చచ్చిపోయే రకం. ఆమెకి ఆయన సంగతి తెలుసు. ఎట్టాగైనా ఆదివారం దాటించాలి అనుకుంది.

మంగళవారం సంతకి పోతా ఉంటే రాహేలమ్మ కలిసింది. ఈమె కెజియమ్మకి ప్రాణ స్నేహితురాలు. మనిషి మంచిదే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె మొగుడు సంసోను, పేరుకే సంసోను, గాలొస్తే గొడుగు పట్టుకుని కూర్చునే రకం. "ఏందొదినా, మొహం ఎండుచేపలా పెట్టావు?" అని రాహేలమ్మ అడిగేసరికి కెజియమ్మకి బుర్రలో తళుక్కుమంది. కళ్ళు! కళ్ళు కనపడకపోతే ఎవరు మాత్రం ఏమంటారు? "ఏం చెప్పనమ్మా, మీ అన్నయ్యకి చూపు ఆనటం లేదు. అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టు కనపడతన్నాయంట" అన్నది. రాహేలమ్మ అయ్యో అయ్యో అని బుగ్గలు నొక్కుకుంది. ఇంకేం, ఆదివారం లోపల ఊరంతా తెలిసిపోద్ది, అయ్యగారు వేరే ఎవరికన్నా చెప్తాడు, గండం గడుస్తది అనుకుని కెజియమ్మ ఆ రోజు సంతలో బేరం కూడా ఆడకుండా వంకాయలు కొన్నదంట.

బుధవారం స్త్రీల కూటం. రాహేలమ్మ లేచి నిలబడి, మన పెద్దాయన చూపు కోసం అందరం కన్నీటితో ప్రార్థన చేద్దాం అన్నది. ఆడవాళ్ళంతా మోకాళ్ళేశారు. ఒకతి ఏడ్చింది. ఇంకొకతి చెయ్యెత్తి ఆ కళ్ళల్లో వెలుగు నింపమని అరిచింది. మధ్యలో కెజియమ్మ. మోకాళ్ళ కింద గచ్చు చల్లగా ఉంటే ఆమెకి మాత్రం చెమట. లేని రోగానికి ఇంతమంది ప్రార్థన చేస్తంటే, దేవుడు వింటంటే, ఆయన ఏమనుకుంటాడు? అయినా ఆఖర్న ఆమేన్ అనాల్సొచ్చింది. అనేసి లేస్తంటే రాహేలమ్మ చెయ్యి పట్టుకుని, "రేపు టౌనులో ఉచిత కళ్ళ శిబిరం ఉందొదినా, మా ఆయన కూడా చూపించుకుంటాడంట, ఎట్టాగూ గురువారం బజ్జీలకి పోతాంగా, అందరం కలిసే పోదాం" అంది. వద్దంటే ఎందుకొద్దంటారు. ఊఁ అన్నది.

ఆ రాత్రి మొగుడికి నూరిపోసింది. ఏమయ్యా, వాళ్ళు గోడకి అక్షరాల అట్ట తగిలిస్తారు. చదవమంటారు. నువ్వు ఏం చెప్పాలి? కనపడటం లేదు అని చెప్పాలి. పైది చూపిస్తే? కనపడటం లేదు. కిందది చూపిస్తే? కనపడటం లేదు. అంతే, ఇంకో మాట లేదు. జెకర్యా సరేనన్నాడు. అది అబద్ధం కూడా కాదుగా, నాకు అక్షరాలు ఎప్పుడు కనపడ్డాయి గనక అనుకుని కొంచెం తేలికపడ్డాడు కూడా.

శిబిరంలో జనం కిటకిట. వరసలో ముందు సంసోను, వెనక జెకర్యా, పక్కన కెజియమ్మ చేతిసంచి పట్టుకుని. సంసోను వంతొచ్చింది. తెల్లకోటు పిల్ల ఒక కన్ను మూయించి చదువు తాతా అన్నది. సంసోను గట్టిగా ఒక్కొక్క అక్షరం చదువుతా పోయాడు. తప్పు చదివిన చోటల్లా ఆ పిల్ల, అది కాదు తాతా, ఇది అని దిద్దింది. ఆ కన్నయింది, ఈ కన్నయింది. కెజియమ్మ జెకర్యా మొహం చూసింది. చూస్తే ఆయన పెదాలు కదలతన్నాయి!  సంచితో డొక్కలో పొడిచింది. ఆయనకి తెలిస్తేగా? ఎన్నేళ్ళ అలవాటు, చెవిలో పడ్డది పడ్డట్టు లోపలికి పోతా ఉంది. జెకర్యా వంతొచ్చింది. స్టూలు మీద కూర్చున్నాడు. చుట్టూ జనం చూస్తా ఉన్నారు, పక్కనే సంసోను కూడా నిలబడ్డాడు. "పైనుంచి చదువు తాతా" అన్నది ఆ పిల్ల. అంతే! నలుగురి ముందు కూర్చోబెట్టి చదవమంటే ఆయన నోరు ఆగుద్దా? గొంతు సవరించుకుని, ఆపే చోట ఆపి, ఒత్తే చోట ఒత్తి, పై అక్షరం నుంచి అడుగున చీమ తలకాయంత అక్షరం దాకా గడగడా అప్పజెప్పేశాడు. సంసోను తప్పులతో కాదు, ఆ పిల్ల దిద్దిన దిద్దుళ్ళతో సహా! ఆ పిల్ల నోరు తెరిచింది. లోపలున్న డాక్టర్ని పిలిచింది. డాక్టరొచ్చి, "ఈ వయసులో ఇదేం చూపయ్యా! నాకే అడుగు వరస ఆనదు" అని భుజం తట్టాడు. జెకర్యా అప్పుడు తిరిగి పెళ్ళాం మొహం చూశాడంట. చూసి, ఏం చేశాడో అప్పుడు అర్థమైంది ఆయనకి.

తిరుగు బస్సులో కెజియమ్మ మొగుడి పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చుంది. బజ్జీలు కూడా తినలేదు, ఆమె పొట్లం సంసోను తిన్నాడు. రాహేలమ్మ మాత్రం కిటికీ పక్కన కూర్చుని స్తోత్రం, స్తోత్రం అంటానే ఉంది. ఎందుకో కెజియమ్మకి శుక్రవారం గానీ తెలవలేదు. ఉపవాస కూటంలో రాహేలమ్మ సాక్ష్యం చెప్పటానికి లేచింది. "మంగళవారం పెద్దాయనకి చూపు లేదు, సాక్షాత్తూ ఆయన భార్యే నాతో అన్నది. బుధవారం మేమంతా మోకాళ్ళేశాం. గురువారం డాక్టరే ఆశ్చర్యపోయాడు! అడుగు వరస కూడా చదివాడు, మా ఆయన సాక్షి!" చూశారా? అద్భుతం అయిపోయింది! పాలెం పాలెమంతా హోరెత్తింది. కొత్త అయ్యగారి కళ్ళల్లో నీళ్ళు. ఆదివారం దేవుడు బాగుచేసిన ఈ కళ్ళే మన సంఘం వాగ్దానాన్ని చదవబోతున్నాయి అని ప్రకటించాడు. పక్క పాలేలకి కూడా కబురు పోయింది. ఓబద్యా మాత్రం కెజియమ్మ దగ్గరికొచ్చి, "చూపు పోయిందీ తెలీదు, వచ్చిందీ తెలీదు, ఇదేం చిత్రం చెల్లమ్మా?" అన్నాడు. "దేవుడి పని నీకు చెప్పి చేస్తాడా అన్నా?" అని ఆమె అంటించింది గానీ, ఇంటికి మాత్రం వెనక్కి చూడకుండా నడిచింది.

శనివారం చర్చి ఊడ్చే రోజు. ఆ రోజు మొగుణ్ణి ఇంట్లోనే ఉండమంది. ఒక్కతే వచ్చింది. బెంచీలు తుడిచింది, చాపలు దులిపింది. బల్ల మీద చీటీల పెట్టె ఉంది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పెట్టెలోనుంచి చీటీలు ఒక్కొక్కటే విప్పి చూసింది. ఆయనకి ఏనాటినుంచో కంఠతా వచ్చిన వాక్యం ఒకటి దొరికింది. దాన్ని మళ్ళా మడిచి, బల్ల మీది కొవ్వొత్తి వెలిగించి, మడత మీద రెండు చుక్కలు మైనం కార్చింది. గట్టిపడ్డాక వేలితో తడిమి చూసింది. చీకట్లో కూడా తెలుస్తది. దాన్ని పెట్టెలో వేసి చెయ్యి ఇంకా బయటికి తియ్యకముందే వెనకనించి, "ఏం చెల్లమ్మా, పెట్టె కూడా ఊడుస్తున్నావా?" అని వినపడింది. ఓబద్యా. తలుపులో నిలబడి ఉన్నాడు. చెయ్యి పెట్టెలో, కొవ్వొత్తి పొగలు కక్కుతా బల్ల మీద. కెజియమ్మ ఆసుపత్రిలో ఎన్నో చూసిన మనిషి, చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "బొద్దింకలన్నా. నిరుడు చీటీలన్నీ కొరికినయ్. చూసుకోవద్దూ?" అని ఒక చీటీ దులిపి వేసి మూత పెట్టింది. ఓబద్యా కొవ్వొత్తి వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "చూసుకోవాలి, చూసుకోవాలి. రేపు నేను ముందు బెంచీలోనే కూర్చుంటా" అని పోయాడు.

సాయంత్రం అన్నం పెడతా మొగుడికి చెప్పింది. మైనం తగిలిన చీటీ తియ్యి. అందులో ఫలానా వాక్యం ఉంది. విప్పి, చూసినట్టు చూసి, చెప్పేయ్. ఆయన పప్పులోకి ఊరగాయ అడిగాడు, అంతే.

ఆదివారం. చర్చి లోపల చోటు లేక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. పాటలయ్యాయి, ప్రార్థనయింది. అయ్యగారు పెట్టె చేతిలోకి తీసుకుని బాగా కుదిపాడు.  పెద్దాయనా, రండి అన్నాడు. జెకర్యా లేచాడు. ఉతికిన పంచె, తెల్ల చొక్కా, ఆ నడక గ్యాంగుమేను నడకే, ఒక్కో స్లీపరు మీద అడుగేసినట్టు. బల్ల ముందు మెట్టెక్కాడు. ముందు బెంచీలో ఓబద్యా మెడ సారస పక్షిలా సాగింది. జెకర్యా పెట్టెలో చెయ్యి పెట్టాడు. కెజియమ్మకి ఆయన చెయ్యి కనపడదు, మోచెయ్యి ఒక్కటే కనపడుద్ది. మోచెయ్యి అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఆగింది. దొరికింది! దొరికింది తండ్రీ, అనుకుంది ఆమె. ఊపిరి వదలబోయింది. అప్పుడేమైందంటే, మోచెయ్యి మళ్ళా కదిలింది. లోతుకి పోయింది. అడుగునుంచి ఒక చీటీ పైకి తీశాడు. ఆమె కళ్ళు చిల్లులు పడేట్టు చూసింది. తెల్ల కాయితం. మైనం లేదు.

జెకర్యా చీటీ విప్పాడు. దాని వైపు చూశాడు. చూస్తానే ఉన్నాడు.  ఎవరో దగ్గారు. ఒక పిల్లకి వాళ్ళమ్మ నోరు మూసింది. చదవండి పెద్దాయనా అన్నాడు అయ్యగారు. జెకర్యా నుదుటి మీద చెమట కెజియమ్మకి అక్కణ్ణించే కనపడతా ఉంది. ఓబద్యా లేవటానికి బెంచీ అంచు పట్టుకున్నాడు. అప్పుడు జెకర్యా తలెత్తి, ఆ కంచు గొంతుతోనే, ఏమాత్రం తగ్గించకుండా అన్నాడంట: "అయ్యగారూ, నాకు చదువు లేదు. ఇంట్లో నాకు చదివి చెప్పేది మా ఆవిడే. ఇన్నేళ్ళూ ఆమె చదివింది, నేను చెప్పా. ఈ చీటీ కూడా ఆమే చదవాలి. కెజియా, ఇట్టా రా."

అమ్మో! ఒక్కసారిగా చర్చి లేచింది. ఎందుకనుకున్నారు? చదువు లేదన్నందుకా? ఆ మాట ఎవడికి పట్టింది! మా చర్చిలో అప్పటిదాకా ఆడమనిషి ఆ మెట్టెక్కి వాక్యం చదివింది లేదు. ఓబద్యా లేచి చెయ్యి ఊపుతా, "ఇదేం పద్ధతి? ఆడవాళ్ళు బల్ల దగ్గరికి రావటమేంది? మా తాతల నాటినుంచీ లేదు!" అన్నాడు. మగాళ్ళు కొంతమంది అవునవును అన్నారు. చాపల మీదనుంచి రాహేలమ్మ లేచింది. "ఏమన్నా ఓబద్యన్నా? శనివారం శనివారం ఆ మెట్టు తుడిచేది ఎవరు, మీ తాతలా? చీపురు పట్టుకుని ఎక్కితే రాని తప్పు చీటీ పట్టుకుంటే వస్తదా?" ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఒక ముసలామె, చూపు రాగానే పెద్దాయనకి బుద్ధి కూడా వచ్చిందమ్మా అన్నదంట. సంసోను పెళ్ళాం కొంగు పట్టి లాగితే, చెయ్యి విదిలించింది. "పెద్దాయన చదువు లేదంటన్నాడు, వినండ్రా" అని ఒకడు వెనకనించి అనబోతే, పక్కోడు, "అది వినయంరా, పెద్దోళ్ళు అట్టానే అంటారు. అడుగు వరస చదివినోడికి చదువు లేదా? కూర్చో" అని కసిరాడు. అయ్యగారు ఒకసారి ఓబద్యాని చూశాడు, ఒకసారి ఆడవాళ్ళని చూశాడు. ఆడవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు. రండమ్మా అన్నాడు.

కెజియమ్మ లేచింది.  జనం దోవ ఇచ్చారు. మెట్టెక్కి మొగుడి చేతిలో చీటీ తీసుకుంది. ఆయన వేళ్ళు మంచులా ఉన్నాయంట. ఒక్క క్షణం ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఊఁ, కానీయ్" అన్నాడాయన, ఆమెకి మాత్రమే వినపడేట్టు. ఆమె చదివింది. మొదటి మాట పీలగా వచ్చింది, రెండో మాటకి గొంతు కుదిరింది. ఆపే చోట ఆపింది, ఒత్తే చోట ఒత్తింది. జనం కళ్ళు మూసుకున్నారు. చంటిబిడ్డ ఏడుపు మానింది. చదవటం అయ్యాక గుసగుస మొదలైంది. అచ్చం పెద్దాయన చదివినట్టే చదివిందే! అదే విరుపు, అదే ఒత్తు! ఎంత శ్రద్ధగా నేర్పించాడో చూడు మహానుభావుడు! ఆఖరికి ఓబద్యా కూడా, చెప్పుకోవాలిగా, బయట చెప్పులేసుకుంటా, "ఎంతైనా చదువు నేర్పితే జెకర్యా లాంటోడే నేర్పాలి" అన్నాడంట. కెజియమ్మ ఆ మాట విన్నది. విని, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకుని రాహేలమ్మ వీపు నిమిరింది.

ఇంటికెళ్ళి బియ్యం కడుగుతా అడిగింది, ఏమయ్యా, మైనం తగల్లేదా అని. తగిలిందన్నాడు. మరి? వదిలేశా. ఎందుకయ్యా, వారమంతా నా ప్రాణం తోడి? అంటే, ఆయన చొక్కా విప్పి వంకెకి తగిలిస్తా, "మనమే కూర వండి, మనమే మూతేసి, ఏం కూరబ్బా అని మనమే మూత తీసి ఆశ్చర్యపోయినట్టుంది కెజియా. మిగతావన్నీ సరే. దేవుడిచ్చే మాట దగ్గర నాకు చెయ్యి రాలేదు" అన్నాడు. ఆమె ఎసట్లో బియ్యం వేసి, "అంత ఆలోచన ఉన్నోడివి, నన్ను పిలుస్తానని ముందే చెప్పి చావొచ్చుగా. మంచి చీర కట్టుకునేదాన్ని" అన్నది.

ఆ తర్వాత ఆయన పాఠం చదవలేదు. ఆదివారాలు ఆమే చదివేది. ఆమె తర్వాత రాహేలమ్మ, రాహేలమ్మ తర్వాత ఇంకొకతి, ఇప్పుడు మా చర్చిలో పాఠం ఆడవాళ్ళదే అనుకోండి. ఏం పెద్దాయనా చదవటం మానేశావు అని ఎవరన్నా అడిగితే, "చదివీ చదివీ విసుగొచ్చిందిరా అబ్బాయ్" అనేవాడు. ఆ యేడు సంఘానికొచ్చిన వాగ్దానం ఏందంటే మాత్రం ఒక్కళ్ళకీ గుర్తులేదు. ఆడమనిషి మెట్టెక్కిందన్నదే గుర్తు.

ఏందమ్మా, అట్టా చూస్తన్నావు? ఇంత గుట్టు నాకెట్టా తెలిసిందనా? కెజియమ్మ చెప్పిందనుకుంటున్నావా? ఆమె చెప్పే మనిషి కాదు. ఆయనే చెప్పాడు. నిండు చర్చిలో, అంత గొంతేసుకుని, నాకు చదువు లేదని అందరి ముందూ చెప్పాడా లేదా? అందరూ అక్కడే ఉన్నారు. మిగతావాళ్ళు ఆయన కళ్ళు చూస్తా ఉండిపోయారు, నేను ఆయన మాట విన్నా. పైగా వాళ్ళ గోడ పక్క ఇల్లు మాది, మిగతాదానికేముంది.